గట్టి షిఫ్ట్ కావాలంటే డ్రిల్లు ఆఖర్న పట్టుకోండి

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, పక్కవాళ్లకీ విషయం తెలుస్తుంది. మీరు డాలస్ దగ్గర ఉంటారు. 2003 షెవర్లే సిల్వరాడో పికప్, 5.3 లీటర్ల ఇంజిను, లక్షా ఎనభై వేల మైళ్లు తిరిగిన బండి. మూడో గేరూ నాలుగో గేరూ పోయాయి. 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దించి మీ గరాజ్‌లోనే విప్పితే 3-4 క్లచ్ ప్లేట్లు బొగ్గులా ఉన్నాయి. కొత్త ప్లేట్లు, సీళ్లు, ఒక షిఫ్ట్ కిట్టు, ఒక కార్వెట్ సర్వో (ఆయిల్ ఒత్తిడితో రెండో గేరుని పట్టించే పిస్టన్, పెద్ద సైజుది) తెప్పించుకున్నారు. ఒకటి నుంచి రెండుకి సాగదీసినట్టు కాకుండా టక్కున పడాలి, అలాగని మెడ పట్టేసేలా కొట్టకూడదు. "సెపరేటర్ ప్లేటులో బెజ్జం ఎంతకి డ్రిల్ చేయాలి అన్నా?" అని అడిగారు. (ఏ గేరుకి ఆయిల్ ఎప్పుడు వెళ్లాలో వాల్వులతో నిర్ణయించే అల్యూమినియం దిమ్మ వాల్వ్ బాడీ. దానికీ బాక్సు కేసుకీ మధ్య ఉండే బెజ్జాల రేకే సెపరేటర్ ప్లేటు.)

అంకె చెప్తాను, కానీ కొంచెం కిందకి వెళ్లాక. ముందే చెప్పేస్తే మీరు డ్రిల్లు తీసుకుని గరాజ్‌లోకి వెళ్లిపోతారు. నేనూ అదే చేశాను. బెజవాడ ఆటోనగర్‌లో మా మేనమామ లేత్ షాపులో పెరిగినవాణ్ని, ఇనుము కనబడితే డ్రిల్ చేయడమే తెలుసు. హ్యూస్టన్ వచ్చి ఆటోమేటిక్ గేర్‌బాక్సుల బెంచీ మీద కూర్చున్న మొదటి ఏడాదిలో ఒక ప్లేటుకి 0.125 అంగుళం బెజ్జం కొట్టాను. ఆ పికప్ ఒకటి నుంచి రెండుకి పడుతుంటే వెనక ఎవడో గుద్దాడేమో అని ఓనరు అద్దంలో చూసుకునేవాడు. కొత్త ప్లేటు నా జీతంలోంచి కొన్నారు. పెద్దది చేసిన బెజ్జం మళ్లీ చిన్నది కాదు మరి.

అసలు షిఫ్ట్ గట్టిగా పడటం అంటే ఏమిటి? బలం సంగతి అనుకుంటాం గానీ అది టైము సంగతి. మొదటి గేరులో 2-4 బ్యాండ్ (రెండు, నాలుగు గేర్లలో డ్రమ్ముని చుట్టి పట్టుకునే పట్టీ) లోపల డ్రమ్ము స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటుంది. రెండో గేరు పడాలంటే సర్వో పిస్టన్ బ్యాండ్‌ని బిగించి ఆ డ్రమ్ముని ఆపాలి. ఆపడానికి పట్టే టైములో బ్యాండ్ రాసుకుంటుంది, వేడెక్కుతుంది. ఆ టైము ఎక్కువైతే మీకు మెత్తగా, హాయిగా ఉంటుంది, బ్యాండ్ మాత్రం కాలుతుంది. మరీ తక్కువైతే బ్యాండ్ చల్లగా ఉంటుంది, ఆ దెబ్బ వెళ్లి షాఫ్టుల మీద పడుతుంది.

ఈ బాక్సులో నిష్పత్తులు వరసగా 3.059, 1.625, 1.00, 0.696. ఇంజిను 4000 ఆర్‌పీఎం దగ్గర ఉండగా రెండో గేరు పడితే అది దాదాపు 2125కి దిగాలి. అదే 4000 నుంచి మూడో గేరు పడితే 2460 దగ్గర, నాలుగో గేరు పడితే 2780 దగ్గర ఆగుతుంది. అన్నిట్లోకీ పెద్ద దూకుడు ఒకటి నుంచి రెండుకే. అందుకే అందరికీ ఆ షిఫ్టే తెలుస్తుంది, అందరూ దాన్నే గట్టి చేయమంటారు. మీ బాక్సులో చచ్చిపోయింది మాత్రం అది కాదు, 3-4 క్లచ్. అది పని మొదలుపెట్టేది రెండు నుంచి మూడుకి వెళ్లేటప్పుడు. మీరు 1-2 గురించి అడుగుతున్నారు, బాక్సు 2-3 గురించి ఏడుస్తోంది. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

టైముని పెంచేవీ తగ్గించేవీ ఏమేమిటంటే: లైన్ ప్రెషర్ (పంపు నుంచి వచ్చే ప్రధాన ఆయిల్ ఒత్తిడి) ఎంత, ఆయిల్ వెళ్లే బెజ్జం ఎంత, ఆ దారిలో అక్యుములేటర్ (పట్టు మెత్తగా పడేలా కాస్త ఆయిల్‌ని మింగే స్ప్రింగు పిస్టన్) ఎంత ఆయిల్ మింగుతోంది, పిస్టన్ వైశాల్యం ఎంత, ప్లేట్ల మధ్య లేదా బ్యాండ్‌కీ డ్రమ్ముకీ మధ్య సందు ఎంత. ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడ్డవి. షిఫ్ట్ కిట్టు అంటే వీటిలో మూడు నాలుగింటిని ఒకేసారి మార్చే స్ప్రింగులు, వాల్వులు, డ్రిల్ బిట్లు ఉన్న ప్యాకెట్టు, అంతే.

ఆ జాబితాలో లేనిదే పెద్ద దొంగ. లీకు. లక్షా ఎనభై వేల మైళ్లు తిరిగిన బాక్సు మెత్తగా పడుతోందంటే కంపెనీ దాన్ని మెత్తగా చేసి పంపిందని కాదు, బ్యాండ్‌కీ క్లచ్‌కీ చేరాల్సిన ఆయిల్ మధ్యలో కారిపోతోందని. కుండకి చిల్లు ఉంటే పెద్ద చెంబుతో పోయడం ఒక దారే, నిండుతుంది కూడా. కానీ చిల్లు పూడిస్తే పాత చెంబు చాలు. నేను ఓవర్‌హాల్ చేసిన బాక్సుల్లో చాలావాటికి లీకులన్నీ కట్టాక ప్లేటు ముట్టుకోకుండా బిగించి ఇస్తే, "ఏం వేశారు? భలే పడుతోంది" అని ఓనర్లు అడిగారు. ఏమీ వేయలేదు. కొత్తలో అలాగే ఉండేది, మనం మర్చిపోయాం.

ఎక్కడ కారుతుందో చెప్తాను. ఇందులో కొంచెం సేపు ఉంటాను, ఎందుకంటే మీ ప్లేట్లు కాలింది కూడా ఇక్కడే.

సర్వో తీశాక ఆ బోరులోకి టార్చి వేసి చూడండి. కేసులోకి దిగ్గొట్టిన ఒక చిన్న గొట్టం, అందులో బాలు కనిపిస్తుంది. మూడో అక్యుములేటర్ చెక్‌బాల్ అంటాం. 3-4 క్లచ్‌కి ప్రెషర్ వచ్చినప్పుడు ఈ బాలు సీటు మీద కూర్చుని దారి మూయాలి. సీటు అరిగితే మూడో గేరులో ఉన్నంతసేపూ క్లచ్ ఆయిల్ అక్కడ కారుతూనే ఉంటుంది. క్లచ్ సగం పట్టు మీద జారుతుంది, బొగ్గవుతుంది. కాలిన ప్లేట్లు మార్చి దీన్ని వదిలేస్తే కొత్త ప్లేట్లూ అదే దారి పడతాయి. బోరులో కాస్త సాల్వెంట్ పోసి కేసు లోపలికి కారుతోందా చూడండి. కారితే మార్చండి. చవక సామాను. అసలు అనుమానం లేకపోయినా నేను మార్చేస్తాను.

తర్వాత ఇన్‌పుట్ షాఫ్టు మీద నాలుగు టెఫ్లాన్ రింగులు. కొత్తవి ఎక్కించేటప్పుడు సాగుతాయి, వాటిని మళ్లీ సైజుకి నొక్కి కూర్చోబెట్టే గొట్టం వాడాలి. లేకపోతే పంపు లోపలికి దూర్చేటప్పుడు రింగు అంచు తెగుతుంది. తెగిన సంగతి మీకు తెలియదు, బండి రోడ్డెక్కాక 3-4 క్లచ్ చెప్తుంది.

ఆ తర్వాత అక్యుములేటర్ పిస్టన్లు. 1-2 అక్యుములేటర్ వాల్వ్ బాడీ పక్కనే విడి డబ్బాలో ఉంటుంది, 3-4ది కేసులో ప్లేటు కింద ఉంటుంది. పాత పిస్టన్ పిన్ను దూరే చోట కోడిగుడ్డులా సాగి అరుగుతుంది, కొన్ని పగులుతాయి కూడా. పగిలితే అక్యుములేటర్ మింగే పని మాని లీకు పని మొదలుపెడుతుంది. అల్యూమినియం పిస్టన్లు దొరుకుతాయి, వేసేయండి.

ఇక వాల్వ్ బాడీ. అల్యూమినియం బోరులో వాల్వు లక్షల సార్లు ఆడి ఆడి బోరు అరుగుతుంది. ఈ బాక్సులో రెండు బోర్లకి బాగా చెడ్డపేరు. ఒకటి ఏఎఫ్ఎల్ వాల్వు, అంటే సోలినాయిడ్లకి (కంప్యూటర్ కరెంటుతో ఆడించే వాల్వులకి) ఆయిల్‌ని దాదాపు 115 పీఎస్ఐ దాటకుండా పంపేది. అది అరిగితే ప్రెషర్ సోలినాయిడ్‌కి అందేదే తగ్గిపోయి మొత్తం లైన్ ప్రెషర్ పడిపోతుంది. రెండోది టార్క్ కన్వర్టర్ (ఇంజిను బలాన్ని ఆయిల్ ద్వారా బాక్సుకి అందించే డబ్బా) క్లచ్ రెగ్యులేటర్ వాల్వు. ఇది అరిగితే లాకప్, అంటే కన్వర్టర్‌ని ఇంజినుతో నేరుగా కలిపే క్లచ్ పట్టు, జారి కంప్యూటర్‌లో పీ1870 కోడ్ వస్తుంది. అప్పుడు కంప్యూటర్ కంగారుపడి బాక్సుని కాపాడాలని ప్రెషర్ అంతా పైకి తోసేస్తుంది, షిఫ్టులు సుత్తితో కొట్టినట్టు పడతాయి. మీ బండికి గేర్లు పోకముందు ఎప్పుడైనా వేడెక్కాక ఉన్నట్టుండి షిఫ్ట్ గట్టిపడిపోయి, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైందా? గుర్తు చేసుకోండి. అయ్యి ఉంటే ఆ బోరు పని చేయించకుండా షిఫ్ట్ కిట్టు మాత్రం వేస్తే మీరు పెట్టిన గట్టిదనానికి పైన కంప్యూటర్ గట్టిదనం వచ్చి కూర్చుంటుంది. రీమర్ (బోరుని కొలత ప్రకారం పెద్దది చేసే పనిముట్టు) పెట్టి పెద్ద సైజు వాల్వు వేసే సెట్లు సోనాక్స్ లాంటి కంపెనీలు అమ్ముతాయి. ఇంట్లో రీమర్ చేయి వణికితే బోరు పాడు, అందుకే ఆ పని ఇప్పటికే చేసిపెట్టిన వాల్వ్ బాడీ కొనుక్కోవడం మీకు నయం. ఖర్చు ఎక్కువే, కాదనను.

లీకుల తనిఖీకి కంప్రెసర్ ఒకటి ఉంటే చాలు. వాల్వ్ బాడీ బిగించే ముందు కేసులో ఒక్కో దారికీ 40 పీఎస్ఐ లోపు గాలి కొట్టండి. క్లచ్ "టప్" మని పట్టాలి, గాలి ఆపేస్తే వదలాలి. సర్వో కదలడం కంటికి కనిపించాలి. బుస్సుమని ఎక్కడైనా పోతుంటే అక్కడ ఆగిపోండి.

ఇప్పుడు ప్రెషర్ సంగతి. పాత 700ఆర్4లో, అంటే 1982లో వచ్చిన ఈ బాక్సు తాతగారిలో, యాక్సిలరేటర్ నుంచి టీవీ కేబుల్ (టీవీ అంటే థ్రాటిల్ వాల్వ్) ఉండేది. దాని సర్దుబాటే ప్రెషర్. కేబుల్ వదులైతే కొన్ని మైళ్లలోనే క్లచ్‌లు బూడిదయ్యేవి. 1993లో ఈ వచ్చి చేరాక (4ఎల్60 పక్కన ఉన్న ఈ అంటే ఎలక్ట్రానిక్) కేబుల్ పోయి ప్రెషర్ సోలినాయిడ్ వచ్చింది. ఇది తిరగేసిన లెక్క: కరెంటు ఎంత ఎక్కువిస్తే ప్రెషర్ అంత తక్కువ. ఒక యాంపియరు దగ్గర్లో ఉంటే లైన్ ప్రెషర్ 55 నుంచి 65 పీఎస్ఐ, కరెంటు సున్నాకి దిగితే 170 నుంచి 190 పీఎస్ఐ. ప్లగ్గు ఊడిపోయినా ప్రెషర్ పూర్తిగా పైకి వెళ్తుంది కాబట్టి బాక్సు కాలదు, బండి మాత్రం ఎగిరెగిరి పడుతుంది.

కేసు ఎడమ పక్కన ప్రెషర్ చూసే ప్లగ్గు ఉంటుంది. 300 పీఎస్ఐ గేజి ఒకటి కొనండి, దానికి సరిపడే గొట్టంతో. మీరు కొన్నవాటన్నిటికంటే అదే ముఖ్యమైన సామాను. గేజి లేకుండా షిఫ్ట్ సర్దడమంటే జ్వరాన్ని చేత్తో ముట్టుకుని మందు రాయడమే.

ప్రెషర్ పెంచడానికి పంపులో గట్టి స్ప్రింగు, పెద్ద బూస్ట్ వాల్వు కిట్టులో వస్తాయి. మీ బండికి బూస్ట్ వాల్వు వేయండి, అది బరువెక్కినప్పుడు పనికొస్తుంది. స్ప్రింగులు రెండు రకాలు ఇచ్చి ఉంటే మెత్తదాన్నే వాడండి. స్ప్రింగు పెంచితే ఐడిల్‌లో కూడా ప్రెషర్ పెరుగుతుంది, డి లో వేయగానే ఠంగుమంటుంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా పంపు మీద భారం. ఈ పంపు వేన్ రకం, లోపల రోటరు, సన్నటి రింగులు ఉంటాయి. మీ పాత రోటరు పక్కన పెట్టి కొత్త గట్టి రోటరు, రింగులు వేయకుండా ప్రెషర్ పెంచకండి. రింగు విరిగితే ఆ ముక్కలు వాల్వ్ బాడీ మొత్తం తిరుగుతాయి.

ఇంకో చిన్న లెక్క. బెజ్జంలోంచి పోయే ఆయిల్ ప్రెషర్‌కి నేరుగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. ప్రెషర్ 20 శాతం పెంచితే ప్రవాహం 10 శాతం దాటదు. కానీ ప్లేట్ల మీద నొక్కుడు మాత్రం పూర్తి 20 శాతం పెరుగుతుంది. బెజ్జం మాటకొస్తే లెక్క వేరు, అక్కడ వ్యాసం వర్గంతో పెరుగుతుంది. 0.080 ఉన్నదాన్ని 0.093 చేస్తే కంటికి తేడా కనబడదు, దారి మాత్రం 35 శాతం పెరిగింది. 0.110 చేస్తే 89 శాతం, అంటే దాదాపు రెట్టింపు. డ్రిల్ బిట్టు "ఒక్క సైజు పైది" అన్నప్పుడు చేతికి చిన్నగా అనిపించేది బాక్సుకి ఎంత పెద్దదో చూడండి.

సరే, అంకెలు. ముందు మీ ప్లేటులో ఇప్పుడెంత ఉందో కొలవండి. ఒక్కో ఏడాదికీ, ఒక్కో ఇంజినుకీ జీఎం వేరే వేరే బెజ్జాలు పెట్టింది, పాత షాపు ఎవరైనా ఇప్పటికే డ్రిల్ చేసి ఉండొచ్చు కూడా. డ్రిల్ బిట్టు వెనక వైపు దూర్చి చూస్తే చాలు, ఏది వదులు లేకుండా దూరితే అది సైజు. మీ కిట్టు కాగితంలో ఏ బెజ్జం రెండో గేరుది, ఏది మూడో గేరుదో బొమ్మ ఉంటుంది, దాన్నే నమ్మండి. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు ఏ ఏడాది ప్లేటువో తెలియదు.

పిల్లల్ని స్కూల్లో దింపి, వారాంతంలో ట్రెయిలర్ లాగే మీలాంటి బండికి నేను రెండో గేరు బెజ్జం 0.080 నుంచి 0.086 మధ్య ఉంచుతాను. మామూలు సర్వోతో అయితే 0.093 వరకు వెళ్తాను. మూడో గేరుది 0.093 దగ్గర మొదలుపెడతాను, 0.100 దాటించను. ఇప్పటికే దానికంటే పెద్దగా ఉంటే ముట్టుకోను. 0.110, 0.120 అని చెప్పేవాళ్లు రేసు బండ్ల వాళ్లు, వాళ్లకి ఏడాదికో బాక్సు విప్పడం సరదా.

కార్వెట్ సర్వో గురించి. అది మంచి సామాను, నేనూ వేస్తాను. రెండో గేరు పిస్టన్ వైశాల్యం పెద్దది కాబట్టి అదే ప్రెషర్‌తో బ్యాండ్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పెద్ద పిస్టన్ నిండటానికి ఆయిల్ కూడా ఎక్కువ కావాలి, అందుకే బెజ్జం మరీ చిన్నదైతే మొదట కాస్త ఆలస్యం, ఆ తర్వాత ఒక్కసారిగా పట్టు. కార్వెట్ సర్వో, పెద్ద బెజ్జం, గట్టి అక్యుములేటర్ స్ప్రింగు, ఈ మూడూ ఒకేసారి వేయకండి. దేనివల్ల ఎంత వచ్చిందో తెలియదు, ఎక్కువైతే దేన్ని తీయాలో కూడా తెలియదు. మొదటి విడత సర్వో వేయండి, బెజ్జాన్ని కింది అంకె దగ్గర ఆపండి, అక్యుములేటర్ స్ప్రింగు కంపెనీ రకానిదే కొత్తది వేయండి. అక్యుములేటర్ డబ్బాని తర్వాత ఆయిల్ పాన్ దించి మార్చుకోవచ్చు, బాక్సు దించక్కర్లేదు. ప్లేటు కూడా అలాగే వాల్వ్ బాడీతో పాటు కిందనుంచే వస్తుంది. అందుకే తక్కువలో మొదలుపెట్టడానికి భయం లేదు.

సర్వో మార్చినప్పుడు అందరూ మర్చిపోయేది పిన్ను పొడవు. పిన్నులు వేర్వేరు పొడవుల్లో దొరుకుతాయి. పిన్ను పొట్టిదైతే బ్యాండ్ డ్రమ్ముని అందుకునేలోపు పిస్టన్ ఊరికే పరుగెడుతుంది, ఇంజిను ఒక్క క్షణం లేచి తర్వాత ధడేలుమని పడుతుంది. బెజ్జం తక్కువైందనుకుని మనం ఇంకా డ్రిల్ చేస్తాం, అప్పుడు మరీ ఘోరం. పిన్ను పొడవైతే బ్యాండ్ ఎప్పుడూ డ్రమ్ముకి రాసుకుంటుంది. పిస్టన్ ప్రయాణం ఒక అంగుళంలో పదహారో వంతుకీ ఎనిమిదో వంతుకీ మధ్య ఉండేలా చూస్తాను. షిఫ్ట్ బాగాలేదని నా దగ్గరికి తెచ్చిన ఇంటి ఓవర్‌హాల్ బాక్సుల్లో నేను మొదట చూసేది ఇదే.

2-3 గురించి మళ్లీ వస్తానన్నాను. ఈ బాక్సులో రెండు నుంచి మూడుకి వెళ్లేటప్పుడు ఒక చెయ్యి వదలాలి, ఒక చెయ్యి పట్టుకోవాలి. 3-4 క్లచ్‌కి వెళ్లే ఆయిలే సర్వో రెండో పక్కకి కూడా వెళ్లి బ్యాండ్‌ని విప్పుతుంది. అలా వెనక్కి జరిగే సర్వో పిస్టనే ఆ షిఫ్ట్‌కి అక్యుములేటర్ కూడా. చాలా తెలివైన ఏర్పాటు, అంతే సున్నితం. క్లచ్ ఆలస్యమైతే ఇంజిను ఊపిరి పీల్చినట్టు పైకి లేస్తుంది. క్లచ్ ముందే పట్టి బ్యాండ్ ఇంకా వదలకపోతే రెండు గేర్లూ ఒకేసారి పట్టుకుని బండి బ్రేకు వేసినట్టు కుంగుతుంది. ఈ కుంగడాన్ని "అబ్బ, ఎంత గట్టిగా పడుతోందో" అని మురిసిపోయేవాళ్లని చూశాను. అది షిఫ్ట్ కాదు, కొట్లాట. అందుకే మూడో బెజ్జం దగ్గర పిసినారిగా ఉండండి. 3-4 ప్లేట్ల సందు నేను 0.030 నుంచి 0.040 అంగుళం ఉంచుతాను. సందు ఎక్కువైతే పిస్టన్ నిండేసరికి ఆలస్యం, మరీ తక్కువైతే నాలుగు మైళ్లకే రాసుకుని వేడి.

హద్దు దాటితే ఏమవుతుందో ఒక్కటి చెప్తాను. ఒకాయన ఎక్కడో షాపులో ఓవర్‌హాల్ చేయించుకున్న షెవర్లే తాహో బండి. వాళ్లు పెద్ద సర్వో, పెద్ద బెజ్జం వేసి అక్యుములేటర్‌ని ఏకంగా కదలకుండా మూసేశారు. ఆరు నెలలు "రేసు కారులా ఉంది" అని చెప్పుకున్నాడు. హ్యూస్టన్‌లో హిల్‌క్రాఫ్ట్ దగ్గర టిఫిన్‌కి వెళ్లి గోడకి ముక్కు ఆనించి పార్క్ చేశాడు. తిని వచ్చి రివర్స్ వేస్తే కదల్లేదు. తెలిసినవాళ్లు నలుగురు చొక్కాలు మడిచి వెనక్కి తోశారు, ఒకటో గేరులోనూ మూడో గేరులోనూ నా దగ్గరికి వచ్చాడు. రివర్స్, రెండు, నాలుగు మూడూ ఒకేసారి పోయాయంటే విప్పకుండానే చెప్పొచ్చు, సన్ షెల్ విరిగిందని. బ్యాండ్ ఆపే డ్రమ్ముకీ సన్ గేరుకీ (గేర్ల గుంపు నడిమధ్యలో ఉండే పళ్ల చక్రానికీ) మధ్య ఉండే రేకు గంట లాంటిది అది. 1-2 దెబ్బంతా దాని మెడ మీదే పడుతుంది. మీరు ఎలాగూ విప్పారు కాబట్టి వేడి చేసి గట్టిపరిచిన కొత్త షెల్ వేసేయండి, పాతది చూడ్డానికి బాగున్నా సరే. అక్యుములేటర్‌ని మూసే పని మాత్రం కిట్టులో చెప్పినా చేయకండి.

బిగింపు గురించి రెండు మూడు మాటలు. ప్లేటుని చెక్క మీద పెట్టి డ్రిల్ చేయండి, రెండు పక్కలా పొక్కు (బెజ్జం అంచున లేచే ఇనుప ముళ్లు) తీయండి, పొక్కు మిగిలితే చెక్‌బాల్ సరిగా కూర్చోదు. గ్యాస్కెట్లు విడిగా వచ్చే రకమైతే సి అని ఉన్నది కేసు వైపు, వి అని ఉన్నది వాల్వ్ బాడీ వైపు. ఇవి తారుమారైతే దారులు మూసుకుపోతాయి. చెక్‌బాల్స్‌ని వాజలిన్‌తో అంటించండి, గ్రీజు వద్దు. వాల్వ్ బాడీ బోల్టులు 97 అంగుళం-పౌండ్లే, అంటే 8 అడుగు-పౌండ్లు. మన చేతి వాటంగా బిగిస్తే అల్యూమినియం వంగి వాల్వులు ఇరుక్కుంటాయి. ప్లేట్లు, బ్యాండ్ ఆయిల్‌లో నానబెట్టాకే వేయండి. ఆయిల్ డెక్స్‌రాన్ 6 పోయండి, మొత్తం విప్పిన బాక్సుకి కన్వర్టర్‌తో కలిపి 11 క్వార్టులకి కాస్త పైన పడుతుంది. టైప్ ఎఫ్ ఆయిల్ పోస్తే షిఫ్ట్ గట్టిపడుతుందని పాతకాలం వాళ్లు చెప్తారు. అది వేరే కాలం, వేరే బాక్సులు. లాకప్ క్లచ్ ఉన్న దీంట్లో పోయకండి.

బాక్సు ఎక్కించాక ఇంకో మనిషి మీతో పోటీకి వస్తాడు, ఇంజిను కంప్యూటర్. ప్రతి షిఫ్ట్‌కీ ఎంత టైము పట్టాలో దాని దగ్గర లెక్క ఉంది. పాత బాక్సు జారుతుంటే నెలల తరబడి ప్రెషర్ పెంచుతూ వచ్చి ఆ పాఠం గుర్తుపెట్టుకుంది. కొత్త బాక్సుకి ఆ పాత పాఠం వర్తిస్తే మొదటి రోజే గట్టిగా కొడుతుంది, మీరు కిట్టుని తిట్టుకుంటారు. స్కాన్ టూలుతో ట్రాన్స్‌మిషన్ అడాప్ట్ విలువలు చెరిపేయండి. తర్వాత ఒక వారం మామూలుగా, తేలికపాటి కాలితో, రకరకాల స్పీడుల్లో నడపండి. ఇది రెండో వైపు కూడా పనిచేస్తుంది: మీరు బెజ్జం పెంచి టైము తగ్గిస్తే అది తన హద్దుల మేరకు ప్రెషర్ దించి తన లెక్కకి తెచ్చుకోవాలని చూస్తుంది. "మొదటి వారం భలే పడింది, ఇప్పుడు మళ్లీ మెత్తబడింది" అనేవాళ్ల కథ ఇదే. అప్పుడు మళ్లీ విప్పకండి, కంప్యూటర్‌లో షిఫ్ట్ టైములు మార్చే ట్యూనర్ దగ్గరికి వెళ్లండి. అసలు రెండు మూడు వందల డాలర్లకి వాల్వ్ బాడీ ముట్టుకోకుండా ట్యూన్‌తోనే కావలసినంత గట్టిదనం తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. షిఫ్ట్ సమయంలో ఇంజిను బలాన్ని క్షణం పాటు తగ్గించే సదుపాయం ఒకటుంది, దాన్ని మాత్రం పూర్తిగా తీయించకండి. మీ సన్ షెల్‌కి అదే గొడుగు.

ఎయిర్ ఫ్లో సెన్సరు శుభ్రం చేశారా? నూనె పూసే రకం ఎయిర్ ఫిల్టరు వేసి ఉంటే ఆ నూనె సెన్సరుకి పట్టి గాలి తక్కువ వస్తోందని చెప్తుంది. ఇంజిను తేలిగ్గా ఉందనుకుని కంప్యూటర్ ప్రెషర్ తగ్గిస్తుంది, 3-4 క్లచ్ మళ్లీ జారుతుంది. ఐదు నిమిషాల పని, స్ప్రే డబ్బా ఒకటి.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట, ఎందుకంటే తరచూ అడుగుతుంటారు. అక్కడి చిన్న కార్లలో ఏఎంటీ అని వచ్చేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్‌నీ గేరునీ మోటారో హైడ్రాలిక్కో కదుపుతుంది. అందులో బ్యాండ్ లేదు, ఈ ప్లేటు లేదు. దాని జర్క్‌కి క్లచ్ అరుగుదల, క్లచ్ సర్దుబాటు చూడాలి. పైన చెప్పింది ఏదీ దానికి పనికిరాదు.

రోడ్డు మీద చూడాల్సినవి. ముందు గేజి తగిలించి ఐడిల్‌లో, డి లో ప్రెషర్ రాసుకోండి. తేలికపాటి కాలితో ఒకటి నుంచి రెండుకి పడటం తెలియాలి, పక్క సీట్లో ఉన్నవాళ్ల కాఫీ ఒలకకూడదు. సగం కాలితో తొక్కితే స్పష్టంగా పడాలి. పూర్తిగా తొక్కడం మొదటి రెండు మూడు వందల మైళ్లూ వద్దు. స్కాన్ టూల్లో షిఫ్ట్ టైము కనిపిస్తే నాకు 0.3 నుంచి 0.4 సెకను మధ్య ఉంటే సంతోషం. 0.2 కిందకి వెళ్తే ఎక్కడో ఎక్కువైంది. డి లో వేసినప్పుడు, ఆగి కదిలినప్పుడు మాత్రమే "ఠక్" అంటుంటే బాక్సుని అనుమానించే ముందు యూనివర్సల్ జాయింట్లు, స్లిప్ యోక్ (రెండూ వెనక చక్రాలకి బలం తీసుకెళ్లే షాఫ్టు కీళ్లు), గేర్‌బాక్స్ మౌంటు చూడండి. ఈ పికప్‌లకి ఆ చప్పుడు మామూలే, ఎంతమంది దానికోసం వాల్వ్ బాడీలు విప్పారో లెక్కలేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: డ్రిల్లు పక్కన పెట్టి, సర్వో బోరులో బాలు పరీక్ష, ప్లేటులో ఇప్పుడున్న రెండు బెజ్జాల కొలత, పాత సర్వో పిన్ను పొడవు, కొత్త దాని పొడవు. ఈ నాలుగూ రాసి, ప్లేటు ఫోటో ఒకటి రెండు వైపులా తీసి పెట్టండి. మూడో బెజ్జం ఇప్పటికే 0.100 దాటి ఉంటే ఎవరో మీకంటే ముందే డ్రిల్ చేసి ఉండొచ్చు, అప్పుడు ప్లేటు మార్చడం గురించి మాట్లాడుకోవాలి.